మాస్టారి రిజిస్టరులో ఒకటో పేరు

మూడో రోజు కూడా చెన్నకేశవులు తను తిన్న పళ్లెం తనే కడుక్కున్నాడు.

కడిగి, తుడిచి, స్టాండులో ఎప్పుడూ ఉండేచోట కాకుండా ఓ పక్కగా, అద్దెకున్నవాడి పళ్లెంలా విడిగా పెట్టాడు. అది చూసి కమలాకుమారి పోపులో గరిటె చప్పుడు పెంచింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో పళ్లేలు ఇంత శుభ్రంగా ఉన్నదీ లేదు, మాటలు ఇంత తక్కువైందీ లేదు.

ఆదివారం పొద్దు. ఆ దీవిలో వాళ్లుండే పేట, మిడిల్ పాయింట్ మీద మబ్బు కమ్ముకుని ఉంది. భోజనాల బల్ల మీద మాత్రం భోజనానికి చోటు లేదు. ఏడు రంగుల అట్టలతో ఏడు ఫైళ్లు, వాటి మధ్య ల్యాప్‌టాప్, పక్కన చల్లారిన టీ. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ కమిటీ వచ్చి చూడకముందే, మా కాలేజీ ఇలాంటిదని కాలేజీ తన గురించి తాను రాసుకునే నివేదిక అది. స్వీయ అధ్యయనం అంటారు. అయిదేళ్ల లెక్కలు, వాటికి ఋజువులు, ఋజువులకి ఫోటోలు. తన మానాన తాను బోటనీ చెప్పుకునే కమలాకుమారి నెత్తిన ఆ కో-ఆర్డినేటర్ కిరీటం పెట్టి ఏడాదైంది. ఆ సాయంత్రం అయిదింటికి నివేదిక వెబ్‌సైట్లోకి ఎక్కాలి.

ఎరువు గుంట దగ్గర్నుంచి వాననీటి తొట్టె దాకా అన్నీ అందులో ఉన్నాయి. లేనిది చెన్నకేశవులు తెలుగు క్లాసు ఒక్కటే.

బళ్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఆయన ఇంట్లో కూర్చోలేకపోయాడు. రెండేళ్లుగా కాలేజీలో ఎనిమిదో నంబరు గదిలో, సాయంత్రం పూట, జీతం భత్యం లేకుండా క్లాసు నడుపుతున్నాడు. వచ్చేవాళ్లందరూ ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగువాళ్లు. మాట్లాడమంటే గలగలా మాట్లాడతారు, చదవమంటే తలొంచుకుంటారు. మొదటి రోజు రిజిస్టరు మొదటి పేజీలో హిందీలోనో ఇంగ్లీషులోనో సంతకం చేయిస్తాడు. కోర్సు ముగిసిన రోజు ఆఖరి పేజీలో తెలుగులో చేయిస్తాడు. ఆయన పెట్టే పరీక్ష అంతే.

గురువారం సాయంత్రం ఆ గది తలుపుకి నోటీసు అంటించి ఉంది. సోమవారం నుంచి ఈ గది కమిటీవారి ఫైళ్లకు కేటాయించడమైనది. కింద కో-ఆర్డినేటర్ సంతకం. పెళ్లినాడు రిజిస్టరులో ఎలా చేసిందో అలాగే, క-కి తలకట్టు కాస్త వంకరగా.

ఆయన ఇంటికొచ్చి గది తాళంచెవి ఆ ఫైళ్ల మీద పెట్టాడు. “మేడమ్‌గారూ, మీ తాళం,” అన్నాడు. అప్పట్నుంచి కమలాకుమారి ఆ ఇంట్లో మేడమ్‌గారే.

మేడమ్‌గారి బాధ మేడమ్‌గారిది. క్లాసు హాజరు పద్నాలుగు శాతమని లెక్క తేలింది. ముప్పై మంది చేరిన క్లాసుకి రోజుకి నలుగురు వస్తున్నట్టు. ఆ అంకె చూసిన రోజు ఆవిడ చాలాసేపు స్క్రీన్ ముందే కూర్చుండిపోయింది. పాపం, ఖాళీ బెంచీలకి పాఠం చెప్పి ఇంటికొచ్చి, ఇవాళ గది నిండిపోయింది కమలా అంటున్నాడన్నమాట, అనుకుంది. అడిగితే ఆయన చేత అబద్ధమైనా చెప్పించాలి, నిజం చెప్పించి నొప్పించనైనా నొప్పించాలి. రెండూ ఇష్టంలేక, అడక్కుండానే తీసేసింది. మొగుడి క్లాసని ఉంచిందన్న మాట పడటం కూడా ఇష్టం లేదు. పోయిన వారమే, చేరినవాళ్లు ముప్పై మంది లేరని హిందీవాళ్ల కోర్సొకటి తనే కొట్టేసింది. ముప్పై కంటే తక్కువైతే కోర్సుగా చూపకూడదని ప్రిన్సిపాల్ గణేశ్వరరావు పెట్టిన నియమం. అది అందరికీ ఒకటే.

దయ కూడా ఒక్కోసారి అవమానంలా తగులుతుందని ఆవిడకి తెలియనిది కాదు. తనదాకా వస్తే తట్టలేదు.

“సుర్మై చేప తెచ్చాను. పులుసు పెట్టనా, వేపుడా?” అని వంటింట్లోంచే అడిగింది, గోడతో అన్నట్టు.

“కమిటీవారికి ఏది అనుకూలమైతే అది,” అంది గోడ అవతలి గొంతు.

ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది కూతురు హరిత. ఇరవై నాలుగేళ్ల పిల్ల. హాడో రేవు దగ్గర టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పని. ఆదివారం కదా పడుకుందామంటే ఆ ఇంట్లో పళ్లేల చప్పుడుకి నిద్ర పట్టదు. పైగా తండ్రి రిజిస్టరు చూసి హాజరు కంప్యూటర్లోకి ఎక్కించింది తనే. ఆఫీసువాళ్లకి తెలుగు రాదు, ఇంట్లో తెలుగుపిల్ల ఉండగా ఇంకొకరెందుకని తల్లి ఆ రిజిస్టరు తెచ్చి చేతిలో పెట్టింది. చదవడం సరిగా రాదని హరిత చెప్పలేదు. తెలుగు మాస్టారి కూతురు ఆ మాట ఏ నోటితో చెబుతుంది? అక్షరాలు విడివిడిగా తెలుసు కదా, ఒత్తులు లేనివే కదా, ఎలాగో చేసేయొచ్చు అనుకుంది. చేసేసింది.

పది గంటలకి గేటు చప్పుడైంది. తడిసిన గొడుగు ముడుస్తూ ఓ అమ్మాయి వరండాలోకి వచ్చింది. పేరు లిఖిత, రేవుకి అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్ అనే ఊళ్లో మందుల షాపులో పని. మాస్టారి శిష్యురాలు. రోజూ సాయంత్రం బోటెక్కి క్లాసుకొస్తుంది. షాపులో పని పడి గురువారం నుంచీ రాలేదు కనుక, గదికి నోటీసు అంటించిన సంగతి ఆ అమ్మాయికింకా తెలియదు.

“సార్ ఉన్నారా దీదీ? ఫోన్ లగట్లేదు, ఎన్నిసార్లు చేసినా కలవట్లేదు, అందుకే వచ్చాను. మార్కెట్ పని కూడా ఉందిలే,” అంది. తర్వాత హరితని ఓసారి పరకాయించి చూసి, “హరిత దీదీ మీరేనా? మీ పేరు మాకు బాగా తెలుసు,” అని నవ్వింది.

ఇంటి సంగతులు క్లాసులో చెప్పుకుంటాడు కాబోలని హరిత అనుకుంది. నాన్న స్నానం చేస్తున్నాడు, ఏం చెప్పమంటావని అడిగింది.

“రేపు బోటు బంద్ అంట దీదీ, దరియా బాగోలేదు, అలలు ఎక్కువున్నాయంట. మా వైపునుంచి వచ్చేవాళ్లం ఏడుగురం రాలేం. మాకు రేపు ప ఎట్టమని చెప్పండి. రా ఎట్టేస్తారేమోనని భయం.”

హరిత చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

“ప అంటే ప్రెజెంట్ కదా?” అంది.

లిఖిత పకపకా నవ్వింది. “అయ్యో, కాదు దీదీ. ప అంటే పడవ. పడవ లేక రాలేదని. అది మన తప్పు కాదంట, అందుకని గైర్హాజరు కింద రాయరు సార్. రా అంటే రాలేదు. వ అంటే వచ్చారు. మొదటిరోజే చెప్పేస్తారు.”

లిఖిత వెళ్లిపోయింది. గొడుగు కారిన నీళ్లు వరండాలో చిన్న మడుగై నిలిచాయి. హరిత వాటినే చూస్తూ నిలబడింది.

ప అంటే పి, ప్రెజెంట్. మరి వ? వ దగ్గర ఆ రోజు కాసేపు ఆలోచించింది. వాపస్ అయి ఉంటుందనుకుంది. వచ్చి వెళ్లిపోయినవాళ్లు, అంటే క్లాసులో లేనివాళ్లు. రిజిస్టరు నిండా వ-లే. ఇంతమంది వాపస్ పోయారా, పాపం నాన్న, అనుకుంటూ ఒక్కొక్కటీ సున్నా కొట్టింది. పడవ రాని రోజులన్నీ హాజరైపోయాయి. మనుషులు వానలో తడిసి వచ్చిన రోజులన్నీ గైర్హాజరైపోయాయి.

లోపలికి వెళ్లి చెప్పడానికి ఆ పిల్లకి పావుగంట పట్టింది. తల్లి దగ్గరికెళ్లి ఉల్లిపాయలు తరిగింది. తండ్రి గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది. చివరికి ఇద్దరూ వినేలా హాల్లో నిలబడి, ఫైళ్ల వైపు చూస్తూ చెప్పింది.

“అమ్మా, ఆ పద్నాలుగు శాతం నాన్నది కాదు. నాది. నేను గలత్ చదివాను.”

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ప సంగతి, వ సంగతి, వాపస్ సంగతి, తనకి చదవడం రాదన్న సంగతి, అన్నీ చెప్పేసింది. చెన్నకేశవులు తల తుడుచుకుంటున్న తువ్వాలు భుజాన అలాగే ఉండిపోయింది. కమలాకుమారి పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీలో కూర్చుంది.

కోప్పడతారనుకుంది హరిత. ఎవరూ కోప్పడలేదు. అది మరీ కష్టంగా ఉంది.

“వాపస్,” అని చెన్నకేశవులు తనలో తను అనుకున్నాడు. మళ్లీ అనుకున్నాడు. మూతి కొస కాస్త కదిలింది. “ఆలోచన మంచిదే. అక్షరం సరిగ్గానే పట్టుకుంది పిల్ల. మాటే వేరే దేశంలోంచి వచ్చింది.”

ఆ మాటకి హరితకి కన్నీళ్లొచ్చేశాయి. దీపం కింద చీకటి అంటారే, ఆ చీకట్లో ఇరవై నాలుగేళ్లు పెరిగిన పిల్ల తను. చిన్నప్పుడు తండ్రి పలక తెచ్చిన ప్రతిసారీ “కల్ నాన్నా, కల్,” అని పరిగెత్తేది. హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట కనుక మన పాఠం ఆ రెంటి మధ్యా ఇరుక్కుపోయిందని ఆయన నవ్వేవాడు. ఊళ్లో పిల్లలందరికీ చెప్పి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు, ఆయనా గట్టిగా పట్టుకోలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు అయింది.

“నీ తప్పేం లేదమ్మా,” అన్నాడు. “నేర్పనివాడిదే తప్పు.”

తర్వాత భార్య వైపు తిరిగాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి సూటిగా చూడటం.

“నీ మీదా నాకు కోపం లేదు కమలా. అంకె అలా ఉంటే ఎవరైనా కొట్టేస్తారు. కాకపోతే, నన్నొక్క మాట అడగాల్సింది. ముప్పై రెండేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం. అంకెని నమ్మావు, నన్ను అడగలేదు.”

కమలాకుమారి లేచింది. ఆయన భుజం మీద తువ్వాలు తీసి, తడిగానే ఉన్న ఆయన మెడ తుడిచింది. పెళ్లీడుకొచ్చిన కూతురి ముందు చేసే పని కాదది. చేసింది.

“లెక్క మళ్లీ చేద్దాం,” అంది. “అయిదింటిదాకా టైముంది.”

ముందు గణేశ్వరరావుకి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే, కాకపోతే నియమం మనిషి. జరిగింది విని, పొరపాటు ముందే తెలిసినందుకు సంతోషించాడు. చేరినవాళ్లు ఎంతమందని ఒక్కటే అడిగాడు. పాత పట్టికలో చూసి ముప్పై అని చెప్పింది ఆవిడ. ముప్పై ఉంటే ఇంకేం, పెట్టేయండి, క్లాసు ఉంటే గది ఉంటుంది, నోటీసు నేనే చింపిస్తానన్నాడు. అయిదింటికి ఆఖరి అంకె చెప్పమన్నాడు.

ఇంట్లో మబ్బు విడిపోయింది. బయట మబ్బు అలాగే ఉంది. సుర్మై పులుసులోకి వెళ్లింది. ఫైళ్లు బల్ల ఓ చివరికి జరిగాయి. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఎవరి పళ్లెం ఎవరు కడిగారో ఆ పూట ఎవరూ చూసుకోలేదు.

తిన్నాక రిజిస్టరు తెరిచారు. చెన్నకేశవులు చదువుతుంటే హరిత టైపు చేసింది. వ, వ, వ, రా, వ, ప, ప, వ. ప దగ్గర ఆయన ఆగి ఏ రోజుదో చెప్పేవాడు. ఇది తుపాను వారం. ఇది చాతమ్ జెట్టీలో బోటు ఇంజను పాడైన రోజు, ఆ పిల్లలు అక్కడ రెండు గంటలు నిలబడి వెనక్కి వెళ్లారు. నాలుగో పేరు మధుబాబుది, రేవులో క్రేను నడుపుతాడు, నూనె చేతుల్తోనే వచ్చి కూర్చుంటాడు. పదకొండో పేరు లిఖిత. వాళ్ల నాయనమ్మ అప్పలకొండమ్మ పెట్టెలో ఊరినుంచి వచ్చిన ఉత్తరాలున్నాయట. చదివిపెట్టేవాళ్లు లేక ముప్పయ్యేళ్లు అలాగే దాచిందట. ఆ అమ్మాయి వాటికోసమే నేర్చుకుంది. మొన్న ఒకటి పూర్తిగా చదివి వినిపించిందట, మూడు రోజులు పట్టిందట.

కమలాకుమారి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ఇవన్నీ ఆయన ఇదివరకు చెప్పినవే. తను ఫైళ్లు చూసుకుంటూ ఊ కొట్టినవే.

నాలుగు గంటలకి లెక్క తేలింది. హాజరు ఎనభై ఒక్క శాతం. కాలేజీ మొత్తంలో అంత హాజరున్న క్లాసు ఇంకోటి లేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

“చేరినవాళ్లు ముప్పై,” అంది హరిత, గడిలో అంకె కొట్టబోతూ. అంతలో ఆగింది. “నాన్నా, రెండో పేరునుంచి చదివావు. ఒకటో పేరు చదవలేదు.”

చెన్నకేశవులు రిజిస్టరు మూయబోయాడు. హరిత అట్ట మీద చెయ్యి వేసింది. ఒకటో పేరు తనకి ముందే తెలుసు. ఆ మూడక్షరాలూ ఒక్కటే తడుముకోకుండా చదవగలదు. హ, రి, త. ఎవరో ఇంకో హరిత అనుకుని పట్టికలో చేర్చింది. ఆ పేరు ఎదురుగా ప లేదు, వ లేదు, రా కూడా లేదు. రోజుకో చుక్క. రెండేళ్ల చుక్కలు, సన్నగా, ఒకే వరసలో. మొదటి పేజీలో సంతకం చోటు ఖాళీ. ఆఖరి పేజీలోనూ ఖాళీ.

“ఈ అమ్మాయి ఎవరు నాన్నా?”

ఆయన కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

“పొద్దున్న ఆ అమ్మాయి, మీ పేరు మాకు బాగా తెలుసు అంది,” అంది హరిత మెల్లగా. “రోజూ పిలుస్తావా?”

“మొదట నీ పేరు పిలిచే మొదలుపెడతాను. అలవాటైపోయింది. వాళ్లకీ అలవాటైపోయింది, ఎవరూ నవ్వరు. చుక్క అంటే, పిలిచాను, పలకలేదు అని. పలకలేదంటే రానని కాదు కదమ్మా. అందుకే రా పెట్టలేదు.”

బయట వాన మళ్లీ మొదలైంది. హరిత తండ్రి చెయ్యి పట్టుకుని తన మొహానికి ఆనించుకుంది. ఆ చేతికి సుద్ద వాసన. రిటైరైనా పోలేదు.

కమలాకుమారికి మాత్రం వేరే సంగతి తట్టింది. ముప్పైలో ఒకటి తీస్తే ఇరవై తొమ్మిది.

హరితకీ తట్టింది. “నేను చేరతాను నాన్నా, కచ్చితంగా. నేనుంటే ముప్పై. అలాగే ఉంచేద్దాం.”

చేరతావు సరే, ఇది గడిచిన రెండేళ్ల లెక్క కదా అన్నాడు ఆయన. కమలాకుమారికి హిందీ కోర్సు నడిపిన ఆవిడ మొహం గుర్తొచ్చింది. ఇరవై ఆరే ఉన్నాయండీ, నాలుగు పేర్లు ఎలా పుట్టించను అని నిజం చెప్పి, మరో మాట లేకుండా వెళ్లిపోయింది. ఇటు చూస్తే ఒకే ఒక్క పేరు. అదీ పుట్టించింది కాదు. రెండేళ్లుగా రిజిస్టరులో, సిరాతో, ఒకటో నంబరుగా ఉన్న పేరు. కమిటీవాళ్లకి తెలుగు రాదు. చుక్క అంటే ఏమిటో ఈ ముగ్గురికీ, ఆ ఇరవై తొమ్మిది మందికీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఆవిడ ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది. కర్సరు ఆ ఖాళీ గడిలో కొట్టుకుంటోంది. కాసేపు దాన్నే చూసి, ల్యాప్‌టాప్‌ని మెల్లగా భర్త ముందుకి జరిపింది.

“ఏవండీ, పోయినసారి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎంత వెయ్యను?”

చెన్నకేశవులు ఆవిడ మొహంలోకి చూశాడు. ఈ మాట కోసమే మూడు రోజులుగా అలిగాడని ఆయనకే అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎంత చెబితే అంత వేస్తుందనీ తెలిసింది. ముప్పై అంటే ముప్పై వేస్తుంది, కింద వంకర తలకట్టుతో సంతకం కూడా పెడుతుంది. అందుకే ఆయన తొందరగా చెప్పేశాడు.

“ఇరవై తొమ్మిది.”

“గది పోతుంది.”

“పోనీ. నీ సంతకం పోకూడదు.”

కమలాకుమారి రెండు అంకెలూ కొట్టింది. కొట్టాక ఆవిడకి కళ్లు మసకబారాయి. మొగుడి ముందు ఏడవడం ఇష్టంలేక, ఎరువు గుంట ఫోటో సరిగా ఎక్కిందో లేదో చూస్తున్నట్టు స్క్రీను మీదికి వంగింది.

చెన్నకేశవులు లేచి బీరువా లోంచి ఇంకో రిజిస్టరు తెచ్చాడు. కొత్తది. పాతది నిండిపోతోందని, సోమవారం నుంచి వాడటానికి పోయిన నెలలోనే గీతలు గీసి పెట్టుకున్నాడు. ఒకటో గడి ఖాళీగా వదిలి కూతురి ముందు పెట్టి, పెన్ను ఇచ్చాడు. ఈసారి పేరు తను రాయలేదు.

హరిత రాసింది. హ రాయడానికే చాలాసేపు పట్టింది. రి-కి గుడి పెట్టి, చాలలేదేమోనని మళ్లీ దిద్దింది. త కొంచెం పక్కకి ఒరిగింది. రాసి, పరీక్ష కాగితం ఇచ్చే పిల్లలా తండ్రి వైపు చూసింది.

“రేపు నువ్వొస్తే వ,” అన్నాడు ఆయన.

“వస్తాను. నాకు బోటు అడ్డం లేదు కదా.” నవ్వబోయి ఆగింది. “కానీ ఎక్కడికి రావాలి నాన్నా?”

చెన్నకేశవులు జవాబు వెతుక్కుంటూ భార్య వైపు చూశాడు. అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. గణేశ్వరరావు. అయిదింటికి ఇంకా పది నిమిషాలుంది. గది తాళంచెవి మూడు రోజులుగా ఉన్నచోటే, ఫైలు మీదే ఉంది. కమలాకుమారి దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ ఎత్తింది.